అడవి పెంచుట యన నేమి? - గుట్ట పొరంబోకును గూర్చి ఒక మాట



గతమాసపు సంచికలో మన సంఘ పాలకవర్గమువారు ఒక ప్రతిపాదనను ప్రకటించియున్నారు. ఊరి పెద్దచెఱువునకు ఎగువనున్న గుట్ట పొరంబోకు వృథాగా పడియున్నదనియు, రెవెన్యూవారి అనుమతి పొంది అందలి ముళ్ళకంపను కొట్టించి, చదునుచేసి, సంఘము పక్షమున జామాయిలు నాటించినయెడల నాలుగైదేండ్ల కొకమారు కఱ్ఱ నమ్మి లాభము పంచుకొనవచ్చుననియు, పైగా ఊరికి అడవి పెంచిన పుణ్యముకూడ దక్కుననియు అందు వ్రాసిరి. రానున్న సర్వసభ్య సమావేశమున దీనిపై ఓటు జరుగును. సంపాదకులు నా యభిప్రాయము నడిగిరి. నేను సంఘసభ్యుడను గాను, నాకు ఓటు లేదు. పదునెనిమిది సంవత్సరములుగా ఈ ప్రాంతమున పైరులను గూర్చి సలహాలు చెప్పుచు తిరుగుచున్న వ్యవసాయ ప్రదర్శకుడను గావున నా మాటకు కొంత బరువుండునని వారి తలంపు కాబోలును.

లాభపు లెక్కను గూర్చి తరువాత చెప్పెదను. ముందుగా నాకు ఆక్షేపణీయముగ తోచినది 'అడవి పెంచుట' యను మాట.

నేను మిషను బడిలో చదువుచుండగా గోడకు వ్రేలాడదీసిన భూగోళపటమున అడవు లన్నిటికిని ఆకుపచ్చరంగు వేసియుండెడిది. మా ఉపాధ్యాయులు బెత్తముతో ఆ పచ్చని తావులను చూపి 'ఇది అడవి' యనగా మేమును 'ఇది అడవి' యని వల్లించెడివారము. ఆ పటమున మా కడప జిల్లా పసుపురంగున నుండెను. మా యింటికి మూడు మైళ్ళలో లంకమల కొండ కలదు. అందు కట్టెలు తెచ్చుకొనుచు, రేగుపండ్లు తినుచు పెరిగిన నాకు, మఱి అది యేమి యను సందేహము కలిగినను అడుగుటకు ధైర్యము చాలలేదు. ఆ సందేహమునకు సమాధానము దొరకుటకు చాల యేండ్లు పట్టెను. అడవి యనునది ఒక్కటి గాదు. వాన యెంత, ఏ నెలలలో కురియును, వేడిమి యెంత, నేల యెట్టిది, ఎత్తెంత - వీని కలయికనుబట్టి ఒక్కొక్కచోట ఒక్కొక్క విధమగు అడవి తనంతట తాను ఏర్పడును. అందలి చెట్టు, గడ్డి, పురుగు, పిట్ట, మృగము, మట్టిలోని బూజు - ఇవి యన్నియు ఒకదాని నొకటి పోషించుకొను ఉమ్మడి కుటుంబము.

పడమటి కనుమలలో ఏటికి ఏడువేల మిల్లీమీటర్లకు మించి వాన కురియు ఆగుంబె వంటి తావులున్నవి. అచ్చటి అడవి యెన్నడును ఆకు రాల్చి మోడువారదు. అట్టి యడవిని చూచిన రైతునకు ఆ నేల మిక్కిలి సారవంతమై యుండునని తోచును. నిజ మట్లు గాదు. ఎడతెగని వానకు నేలలోని సారము క్రిందికి కొట్టుకొనిపోవును. రాలిన ఆకును బూజులును చెదలును త్వరలోనే కుళ్ళజేయగా, పైపైననే పరచుకొనిన వేళ్ళు ఆ సారమును మరల చెట్టులోనికి లాగుకొనును. అనగా ఆ అడవి తన మూలధనమును బ్యాంకిలో నిలువయుంచక చేతిలోననే త్రిప్పుచున్నది. చెట్లు కొట్టి సేద్యము చేసినచో రెండుమూడు పంటలకే అట్టి నేల దివాలా తీయును. మన్యమున పోడు కొట్టువారు కొన్ని యేండ్లకు ఆ తావును విడిచి వేఱొకచోటికి పోవుటయు సోమరితనముచే గాదు. కొండవాలు నేల యెంతవఱకు ఓర్చునో తెలిసియే. హిమాలయములలోని దేవదారు అడవులను, రష్యా కెనడా దేశముల ఉత్తరభాగమున మంచులో నిలుచు సూదియాకుల అడవులను గూర్చి ఇచ్చట విస్తరించి వ్రాయను. వానితో మనకు పని లేదు.

మన దేశపు అడవులను జాతులుగా విభజించినవాడు ఛాంపియన్ అను అటవీశాస్త్రజ్ఞుడు. 1936లో ఆయన చేసిన విభజనను 1968లో ఆయనయే సేఠ్ అను మఱొక శాస్త్రజ్ఞునితో గూడి సవరించెను. దాని ప్రకారము దేశమున 16 ముఖ్యవర్గములు. వానిలో మన తెలుగునేలమీద పెద్దవి ఐదు మాత్రము కానవచ్చును.

పాడేరు, మారేడుమిల్లి ప్రాంతపు కొండలలో వాన యెక్కువ గావున అడవి దట్టముగ నుండి, కొద్దికాలము మాత్రమే ఆకు రాల్చును. నల్లమలయందును ఆదిలాబాదునందును ఉన్నవి పొడి ఆకురాల్చు అడవులు - టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, వెదురు. మాఘ ఫాల్గుణములలో ఈ అడవిని చూచి 'ఎండిపోయిన' దని పట్టణవాసులు జాలిపడుదురు. ఆకు రాల్చుట చావు గాదు. ఎండకాలమున ఆకుద్వారా నీరు ఆవిరియై పోవును గావున, చెట్టు ముందుగానే ఆకులోని సారమును కొంత కొమ్మలోనికి తీసికొని, మిగిలిన దానిని రాల్చి, ఉన్న నీటితో కాలము గడుపుకొనును. రాలిన ఆకు నేలకు కప్పు. తొలకరి చినుకు ఆ కప్పుమీద పడి నెమ్మదిగా ఇంకును. నగ్నమైన నేలమీద పడినచో మట్టి నెత్తుకొని పాఱును. కొత్త గడ్డి మొలచునని ఆ యాకునకు నిప్పుపెట్టు దురలవాటు మనవారిలో నున్నది. ఆ నిప్పున కాలునది ఆకు మాత్రమే గాదు. నిరుడు మొలచిన చెట్టుపిల్లలు కూడ కాలును. పెద్దచెట్లు నిలిచియుండుటచే నష్టము పైకి కనబడదు. ముప్పదియేండ్లకు ఆ ముసలిచెట్లు పోయినపుడు వెనుక నిలుచు బిడ్డ లేదని తెలియును.

శ్రీహరికోట దీవిలోని అడవి వేఱొక వింత. వాన నల్లమలకంటె విశేషముగ నెక్కువ లేకున్నను అచ్చటి పాల, నేరేడు మొదలగు చెట్లు ఆకు రాల్చవు. ఏలననగా అచ్చట వానలో పెద్దభాగము ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలితో వచ్చును. ఆకు దళసరిగ, తోలువలె నుండి తడిని నిలుపుకొనును. వాన ఎంతయను దానితోపాటు ఎప్పుడను ప్రశ్నకూడ అడవి జాతిని నిర్ణయించును. ఒకే వానకు మెట్టరైతు ఆముదము వేయుటకును పల్లపురైతు వరి నాటుటకును ఉన్న భేదము వంటిదే యిది.

ఇక మడ అడవి. గోదావరి ముఖమున కోరంగియొద్దను, కృష్ణాముఖమునను ఇవి యున్నవి. దేశమున మడ అడవు లన్నియు కలిపి సుమారు 5,000 చదరపు కిలోమీటర్లుండగా, అందు ఆంధ్రతీరమున కలవి సుమారు 400 మాత్రమే. ఆటుపోటులకు మునిగి తేలు ఉప్పుబురదలో మఱియే చెట్టును బ్రదుకలేదు. నల్లమడ తన వేళ్ళను బురదలోనుండి పైకి మేకులవలె నిలిపి వానితో గాలి పీల్చును. లోనికి వచ్చిన ఉప్పును ఆకుమీదికి విసర్జించును. ఉప్పుపొన్న తన గింజను చెట్టుననే మొలకెత్తించి, జానెడు కఱ్ఱవలె పెరిగిన తరువాత బురదలో దిగవిడుచును. చేప, పీత, రొయ్య మొదలగువాని పిల్లలు ఆ వేళ్ళ సందుననే పెరుగును. 1999 అక్టోబరులో ఒడిశా తీరమును కొట్టిన పెనుతుపానున, కేంద్రపడా జిల్లాలో మడ వెడల్పుగ నిలిచియున్నచోట్ల వెనుకనున్న గ్రామములందు ప్రాణనష్టము తక్కువయ్యెనని పరిశోధకులు లెక్కగట్టి చూపిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ నెఱిగిన వారికి ఇంతకంటె చెప్ప నక్కఱలేదు. అట్లయినను 1990ల దశకమున రొయ్యల చెఱువులకై తీరమున పెక్కుతావుల మడను కొట్టివేసిరి. రొయ్యపిల్ల పెరుగు ఒడిని కొట్టి రొయ్యలను పెంచబూనుట యను చోద్యము జరిగినది.

ఇంతదూరము తిరిగి ఇప్పుడు మన గుట్టకు వచ్చుచున్నాను. ఏటికి ఏడువందల మిల్లీమీటర్లు వాన పడుట గగనమైన ఈ సీమలో, రాతినేలమీద, ఏర్పడదగిన అడవి ముళ్ళపొదల అడవియే. చండ్ర, రేగు, బలుసు, కలివి, తంగేడు, నడుమ నడుమ గడ్డి. మనిషెత్తు మించదు, నీడ నియ్యదు, కాలికి ముల్లు గ్రుచ్చుకొనును. కావున దీనికి 'కంప' యని, 'బీడు' అని, కాగితములలో 'వృథాభూమి' యని పేరులు పెట్టితిమి. దాని పనులను చూచి పేరు పెట్టినవారు లేరు.

కలివికోడిని గూర్చి కొందఱు వినియుందురు. 1900 ప్రాంతము తరువాత ఈ పక్షి యెవరికిని కనబడనందున లోకమున నశించెనని పండితులు తలచిరి. 1986లో అది మరల మన కడప జిల్లాలోనే, రెడ్డిపల్లె పరిసరపు పొదలలో కనబడెను. అది దట్టమగు అడవిలో బ్రదుకదు. దున్నిన చేనిలోను బ్రదుకదు. పొదకు పొదకు నడుమ కొంత బయలుండు ఇట్టి నేలయే దానికి ఇల్లు. ఆ బయలును దున్నినను దానికి చావే, ఆ బయలునిండ చెట్లు నాటినను దానికి చావే. మన గుట్టమీద కలివికోడి యున్నదని నేననుట లేదు. చెట్టు నాటుట ఎల్లచోట్ల మేలే యనుకొను మన నమ్మకమునకు ఆ చిన్నపిట్ట గట్టి ప్రత్యుత్తరమని మాత్రమే చెప్పుచున్నాను.

ప్రభుత్వపు లెక్కలుకూడ ఈ భ్రమను పెంచుచున్నవి. డెహరాడూనునందలి భారత అటవీ సర్వే సంస్థవారు ఆకాశమునుండి తీసిన చిత్రములనుబట్టి, ఒక హెక్టారునకు తక్కువగాని నేలమీద నూటికి పదివంతులకు మించి చెట్లనీడ యున్నచో దానిని అటవీ ఆచ్ఛాదనగా వ్రాయుదురు. ఆ నేల యెవరిదైనను, ఆ చెట్టు ఏదైనను సరే. మామిడితోటయు, కొబ్బరితోటయు, జామాయిలు తోపును అందు చేరును. కొలతకు అది సులభమగు పద్ధతియే, వారిని తప్పుపట్టను. కాని మన గుట్టను గొఱిగి జామాయిలు నాటినచో ఆ లెక్కలో అడవి పెరిగినట్లు కనబడవచ్చును. నేలమీద మాత్రము ఒక అడవి పోయి ఒక పంట వచ్చినదన్నమాట. జొన్నచేను పంట యగునట్లే జామాయిలును పంటయే. పంటను పంట యని పిలిచి దాని లాభనష్టములు చూచుకొనుటలో నాకు అభ్యంతరము లేదు.

ఇట్లు వ్రాయుటకు నాకు గల అధికారము పుస్తకమువలన వచ్చినది గాదు, చేసిన తప్పువలన వచ్చినది. పదునొకండు సంవత్సరముల క్రిందట వేఱొక గ్రామమున, ఇట్టిదే యొక గుట్టవాలుమీద, తంగేడును బలుసును కొట్టించి జామాయిలు నాటుడని సలహా యిచ్చినవాడను నేనే. ఎవరి ఒత్తిడియు లేదు. మేకలు దాని ఆకు తినవు, కావలి ఖర్చు లేదు అని ఆ గుణమునే గొప్పగా చెప్పితిని. తొలి నఱకున డబ్బు వచ్చెను. నా మెడలో పూలదండ వేసిరి. నఱికిన ఏటనే ఆశ్వయుజమాసమున ఒక పెద్దవాన కురిసెను. గడ్డియు పొదయు లేని వాలుమీదనుండి ఎఱ్ఱమట్టి దిగివచ్చి చెఱువు తూమును కప్పివేసెను. పూడిక తీయించుటకు ఊరివారు చందాలు వేసికొనిరి. బావులలో నీరు తగ్గినదని కొందఱు జామాయిలునే దూషించిరి. ఆ యేండ్లలో వానలును తక్కువే గావున అందు చెట్టుపాలు ఎంతో, వానపాలు ఎంతో నేను నిశ్చయించి చెప్పజాలను. కాని మట్టి సంగతి కన్నులారా చూచితిని. ఆ యూరి గొఱ్ఱెలకాపరి యొకడు, నాకంటె ఇరువదియేండ్లు పెద్ద, మందను అమ్ముకొనిన మఱునాడు దారిలో నన్ను నిలిపి యిట్లనెను: "సామీ, చెట్లయితే నాటించితిరి గాని, వాని క్రింద నా మేక నోరు పెట్టునది ఒక్కటియు లేదు. ఇదేమి అడవి?" "పెద్దయ్యా, నాకు తెలియకపోయినది" అని మాత్రమే నేను అనగలిగితిని.

ఇట్టి తప్పు చేసినవారిలో నేను మొదటివాడను గాను. సర్కారుతుమ్మ మన దేశపు చెట్టు గాదు. 1870ల దశకమున జమైకానుండి దాని విత్తనములు తెప్పించి మన కడప జిల్లాలోని కమలాపురము ప్రాంతమున విత్తిరి. ఎండకు ఓర్చును, కట్టెలకు పనికివచ్చును అని వారును మంచియుద్దేశముతోనే చేసిరి. కట్టెలును బొగ్గును ఇచ్చిన మాట నిజమే. నేడు చెఱువు కడుపులలో, కాలువ గట్లమీద, పోరంబోకులలో ఆ ముల్లు కాక మఱేమి మొలచుచున్నదో మీరే చెప్పుడు. (విదేశపు చెట్టు యావత్తును చెడ్డదని నా మతము గాదు, మనము ప్రీతితో తిను సీతాఫలము కూడ అమెరికా ఖండమునుండి వచ్చినదే.)

లాభపు లెక్కకు వచ్చెదను. పాలకవర్గమువారి పట్టికలో జమ పక్కన కఱ్ఱ అమ్మకము, ఖర్చు పక్కన మొక్కలు, కూలి, చదును చేయుట కలవు. గుట్ట నేడు ఇచ్చుచున్న దానిని పోగొట్టుకొను ఖర్చు ఎచ్చటను వ్రాయలేదు. ఊరి మందలు గుట్టమీదనే మేయుచున్నవి. ఆ మందలనే వేసవిలో మీ చేలలో కట్టించుకొని, రాత్రి కింతయని కాపరికి ఇచ్చి, ఎరువు పొందుచున్నారు. గుట్ట పోయినచో మంద పోవును, మంద పోయినచో ఆ యెరువునకు బదులు సంచులు కొనవలెను. ఆ సంచులకై మన సంఘములోననే అప్పు చేయవలెను. పొదలలో కాపురముండు తేనెటీగలు మీ దోసపాదులమీదికిని, పొద్దుతిరుగుడు పూవులమీదికిని వచ్చుచున్నవి. గుట్టరాళ్ళలో నుండు గుడ్లగూబ రాత్రివేళ మీ వేరుసెనగ చేనిలో ఎలుకలను పట్టుచున్నది. చీపురుగడ్డి, వంటకట్టె, రేగుపండు స్త్రీలు తెచ్చుకొనునవి గావున మగవారి లెక్కలలో చేరలేదు. వీని కన్నిటికిని రూపాయలలో వెల కట్టుట నాకు చేతగాదు. వెల కట్టలేనిదానిని సున్న యని వ్రాయుట మాత్రము ఏ గుమాస్తాయు చేయదగిన పని గాదు.

సంఘమునకు రాబడి యక్కఱ లేదని నేననను. పోయిన రెండేండ్ల బాకీలు నాకును తెలియును. చెఱువు కడుపులో మేట వేసిన సర్కారుతుమ్మను, కావలసిన అనుమతులు తీసికొని, సంఘము పక్షమున కొట్టించి బొగ్గు కాల్పించి యమ్ముడు. డబ్బును వచ్చును, చెఱువులో చోటును మిగులును. వేళ్ళతో పెఱికించనిచో మరల చిగిర్చును గావున కూలి కొంత యెక్కువ పడును. అదియు లెక్కలో వేసికొనుడు. జామాయిలు వేయగోరువారు తమ పట్టాభూములలో, బావికి దూరముగ వేసికొనవచ్చును; అట్టివారి కఱ్ఱను సంఘము ఒక్కటిగా కూర్చి బేరమాడినచో దళారికంటె మంచి ధర వచ్చును. సంఘము పుట్టినది అందులకే గదా.

గుట్టను మాత్రము చదును చేయవద్దు. దానిని మూడు భాగములుగ చేసి, ఒక్కొక్క భాగమున మూడు వానకాలములు మందలను తోలక వంతులవారిగ మూసియుంచుడు. కొట్టివేసిన చండ్ర మొదళ్ళు వాని యంతట అవియే చిగిర్చును. ఆ మూసిన భాగమున, తొలకరికి ముందు వాలునకు అడ్డముగ చిన్నచిన్న గుంతలు తీసి, నారేప, బిల్లుడు, చండ్ర, రేగు విత్తనములు ఊరి పిల్లలచేత ఏరించి చల్లించుడు. కాలువ వెంబడి కానుగ పెట్టినచో పచ్చిరొట్ట కూడ దొరకును. ఏ భాగమును ముందు మూయవలెనో నిర్ణయించునది నేను గాని కార్యదర్శిగాని గాదు, కాపరులు. గడ్డి యెచ్చట అలసినదో వారికే తెలియును.

వారిలో పెక్కుమందికి పట్టా లేనందున సంఘసభ్యత్వమును లేదు, ఓటును లేదు. సమావేశమునకు వారినికూడ పిలిచి, ఓటునకు ముందు మాటాడనిండని అధ్యక్షులవారిని కోరుచున్నాను. సమావేశమునకు నేనును వచ్చెదను. ఆ ముందురోజు ఉదయము ఎండ యెక్కకమునుపే గుట్టమీదికి పోయి, ఏ పొద యెచ్చట నున్నదో చూచి వ్రాసికొనదలచితిని. పాలకవర్గమువారిలో నడవగలవారు నాతో వచ్చినచో సంతోషింతును. చెప్పులు గట్టివి తొడుగుకొని రావలెను.